ఎలీశమ్మ చేతి గంజి

ఆ ఆదివారం మా చెల్లె సుగుణ మేకకూర వద్దంది. అది పుట్టి బుద్ధెరిగాక కూర వద్దనడం అదే మొదలు.

మేం క్రైస్తవులం. ఆదివారం గుడి నుంచి రాగానే మా ఇంట్లో పొయ్యి మీద కూర ఉడకాల్సిందే. సుగుణకు మూలుగ బొక్క, ఆ మూలుగున్న ఎముక, అంటే ప్రాణం. చిన్నప్పుడు దానికోసం ఇద్దరం కొట్టుకునేవాళ్ళం, మా నాయిన ప్రతిసారీ దాని పళ్ళెంలోనే వేసేవాడు. ఆ రోజు నేనే ఏరి వేస్తే పళ్ళెం పక్కకు జరిపింది.

"నాకొద్దక్క. నువ్వు తిను" అంది.

ఇంకొకరైతే పాపం ఏమైందో అనుకునేవారు. నాకు ఒళ్ళు మండింది. "ఎలీశమ్మ ఇంట్ల తిని వచ్చినట్టున్నవ్. ఇగ మా కూర ఏడ రుచిస్తది?" అన్నాను.

ఎలీశమ్మ మా ఖిలా వరంగల్ వాడలో స్త్రీల సమాజానికి పెద్ద. మెత్తటి మాట, మెత్తటి చెయ్యి. మా చెల్లెను "బిడ్డా" అని నోరారా పిలుస్తుంది. నన్ను మాత్రం "సుగుణోళ్ళక్క" అంటుంది. నాకూ ఒక పేరుంది, జయమ్మ అని. సుగుణ మిషన్ బడిలో టీచరు కాబట్టి వాడంతా దాన్ని నెత్తిన పెట్టుకునేది. పెళ్ళి వద్దనుకుని మా ఇంట్లోనే ఉండేది. నేను వండేదాన్ని, అది తినేది, మెచ్చుకోలు మాత్రం అందరూ దానికే ఇచ్చేవారు. కుళ్ళుకున్నానా అంటే, కుళ్ళుకున్నాను. అబద్ధం చెప్పి ఎవరిని మోసం చేయాలి?

ఆ రోజు అన్నం కూడా ముద్దముద్దకూ నీళ్ళు తాగి మింగింది. కుడిచెవి మీద చెయ్యి పెట్టుకుని "చెవిపోటక్క" అంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోశాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు దాని తలకు నూనె రాస్తుంటే మెడ మీద చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొక్కితే నొప్పి లేదంది. నొప్పి లేదంటే మంచిదే అనుకున్నాను. అది మంచిది కాదని తర్వాత తెలిసింది.

నయా పైసలు చేతికి కొత్తగా అలవాటవుతున్న రోజులవి. క్యాన్సర్ అన్న మాటను మా వాడలో ఎవరూ గట్టిగా పలికేవారు కాదు. మా దగ్గరి మిషన్ దవాఖానలో ఒక తెల్ల దొరసాని డాక్టరు ఉండేది. ఆమె తెలుగు పుస్తకం చదివినట్టుండేది. టార్చి వేసి, చెక్కపుల్లతో నాలుక నొక్కి చాలాసేపు చూసింది.

"మింగుట ఎప్పటి నుండి కష్టముగా ఉన్నది? ముందే రావలసినది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపెదము. దానిని బయాప్సీ అందురు."

రిపోర్టు వచ్చిన రోజు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. "మీరు అక్క కదా, కూర్చుండుము. కార్సినోమా, టాన్సిల్ దగ్గర. మెడలో గ్లాండ్‌కు కూడ వచ్చినది. హైదరాబాదులో డీప్ ఎక్స్-రే ఇచ్చెదరు. ఆలస్యము చేయవద్దు."

 గోడ పట్టుకుని బయటికి వస్తే, బెంచీ మీద మా చెల్లె ఎవరి పసిపిల్లనో ఒళ్ళో వేసుకుని ఆడిస్తోంది. కాంపౌండరు దానికి చాయ్ తెప్పించాడు. లోపల కూలిపోయింది నేను, చాయ్ దానికి. ఆ చాయ్ మింగలేక అది నా చేతికిచ్చింది. తాగేశాను.

రిక్షా ఎక్కాక మెల్లగా అడిగింది. "క్యాన్సరేనా అక్క?"

"ఎవలు చెప్పిండ్రే?"

"నీ మొఖం చెప్తాంది. ఒక్క తిట్టు గూడ తిట్టకుంట నన్ను రిక్షా ఎక్కిచ్చినవ్."



హైదరాబాదు పెద్ద దవాఖానలో దాని మెడ మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. "ఈ లైన్లు కడగొద్దు. సబ్బు, నూనె, పౌడరు ఏదీ తగలొద్దు" అన్నాడు డాక్టరు. రోజూ ఒక గదిలోకి తీసుకెళ్ళి, పెద్ద మిషను కింద పడుకోబెట్టి, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేవారు. పేషంట్లందరూ దాన్ని "కరెంటు పెట్టుడు" అనేవారు. పెట్టేటప్పుడు ఏమీ తెలిసేది కాదట. తెలిసేది తర్వాతే.

వార్డులో నేను దాని మంచం కింద చాప వేసుకుని పడుకునేదాన్ని. వాంతి చేసుకుంటే గిన్నె పట్టేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని. వారం తిరగకుండానే వార్డంతా దాని మనుషులైపోయారు. ఆయా దానికి మల్లెమొగ్గలు తెచ్చేది. పక్క మంచం ముసలమ్మ తన మనవరాలి పెళ్ళి సంగతులు దానికే చెప్పేది. నర్సమ్మ పొద్దున్నే రాగానే "సుగుణ టీచర్, ఎట్లున్నరు?" అని నవ్వేది, నన్ను చూసి "ఏయ్, బకెట్ పక్కకు పెట్టు" అనేది. జబ్బు దానికి వచ్చింది, ప్రేమ కూడా దానికే వచ్చింది. నాకు వచ్చింది నడుంనొప్పి.

కొన్ని వారాలకు దాని నోరు లోపలంతా పుండైంది. లాలాజలం ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కునేది. మెడ చర్మం మాడిన రొట్టెలా నల్లబడింది. మాట గుసగుసైంది. డాక్టరు చూసి పెదవి విరిచాడు.

"రియాక్షన్ ఎక్కువగా ఉంది. కొంత గ్యాప్ ఇద్దాం. ఇంటికి తీసుకెళ్ళి బాగా తినిపించండి, వెయిట్ పెరగాలి. ఇంకా తగ్గితే రెండో కోర్సు తట్టుకోలేదు. సగం ట్రీట్‌మెంట్‌తో ఆపేస్తే గడ్డ మళ్ళీ లేస్తుంది."

"ఎంత పెట్టాలె సార్?" అన్నాను.

"ఎంత తింటే అంత పెట్టమ్మా. ఇప్పుడు ఆమెకు తిండే మందు."

భయంతో పాటు ఆ మాట నాకు కొంచెం గర్వాన్ని కూడా ఇచ్చింది. మందు నా వంటింట్లోనే ఉందన్నమాట! చదువులో దాన్ని గెలవలేదు, రూపంలో గెలవలేదు, మా నాయిన దగ్గర గెలవలేదు. పొయ్యి దగ్గర మాత్రం నన్ను మించినవాళ్ళు మా వాడలో లేరు. నా చెల్లెను నేను బతికించుకుంటాను అనుకుంటూ రైలెక్కాను.

ఇంటికి వచ్చాక రాగిజావ చేశాను, ఉమ్మేసింది. పాలల్లో అన్నం మెదిపి పెడితే గిన్నె తోసేసింది. కోడిగుడ్డు పాలల్లో గిలకొట్టి ఇస్తే గోడవైపు తిరిగి పడుకుంది. "తినవే, తినకపోతే సస్తవే!" అని అరిచాను. కళ్ళు మూసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అప్పుడు వచ్చింది ఎలీశమ్మ, బియ్యంతో.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. అన్నానికి బియ్యం కడిగే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసి, వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతాయి. అప్పట్లో మా వాడలో చాలా ఇళ్ళల్లో రోజూ జొన్నరవ్వ గటుకే. అన్నం వండిన నాడు అందులోంచి పిడికెడు తీయాలంటే చెయ్యి వెనక్కి గుంజేది. అయినా తీసేవాళ్ళు. ఈసారి పిడికెడు బియ్యమంతా సుగుణ టీచరమ్మకేనని పాస్టరు అయ్యగారు గుడిలో చెప్పాడట. ఎలీశమ్మ ఆ బియ్యాన్ని ఇత్తడి బిందెలో నెత్తిన పెట్టుకుని వచ్చింది, వెనకాల సమాజం ఆడవాళ్ళంతా వచ్చారు.

"వీటిని ఏరొద్దు, మార్చొద్దు. గింజగింజ మీద ఒక తల్లి ప్రార్థనున్నది" అంది. నా వైపు తిరిగి, "నువ్వు అలిసినవ్, జర పక్కకు కూసో. నేను వండుత" అంది.

నా పొయ్యి, నా కట్టెలు, నా గంటె. నేను పక్కకు కూర్చోవాలట! అరికాలి మంట నెత్తికెక్కింది. అలిగి వాకిట్లోకి పోయి, ఆ బిందె వంక కూడా చూడలేదు.

ఎలీశమ్మ మెతుకులతోనే గంజి కాచి, చల్లార్చి, చెంచాతో దాని నోట్లో పోసింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఉమ్మేస్తుంది, ఇప్పుడు ఉమ్మేస్తుంది అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఉమ్మేయాలనే కోరుకున్నాను. అది ఉమ్మలేదు. చెంచా తర్వాత చెంచా నోట్లోకి తీసుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆడవాళ్ళు మెల్లగా పాట ఎత్తుకున్నారు. "సూడుండ్రి, దేవుడు ముడుతాండు బిడ్డను" అన్నదొకామె.

ఆ రోజు నుంచి పూటకొకరు వచ్చి గంజి పోసేవారు. వాడంతా ఒకటే మాట, ఎలీశమ్మ చేతిలో ఏముందో గానీ సుగుణమ్మ తింటోంది అని. నాతోనే చెప్పేవారు, నా ముఖం మీదే. ఎలీశమ్మ కనబడితే సుగుణ లేచి కూర్చుని నవ్వేది. నేను పోతే గోడవైపు తిరిగేది. ఒకే కడుపున పుట్టినదాన్ని నేను. నా చేతి ముద్ద చేదైంది, ఆమె చేతి గంజి అమృతమైంది!  మా ఆయన కాజీపేట రైల్వేలో డ్యూటీ దిగి వస్తే ఆయన మీద పడి అరిచేదాన్ని. "ఎవల చేతిదైతేంది, పిల్ల తింటాంది గద" అనేవాడు. ఆయనకేం తెలుసు?

వెయిట్ చూపించడానికి దొరసాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కాటా మీద నిలబెట్టి చూసి ఆమె ముఖం చిట్లించింది.

"తగ్గినది. ఈమె తినుట లేదు."

"తింటాంది అమ్మా! వాడంత చూస్తాంది."

ఆమె టార్చి వేసి గొంతు చూసింది. "కొత్త పుండ్లు ఉన్నవి. ఏదో గీసుకొన్నట్లున్నది. ఏమి పెట్టుచున్నారు?"

"గంజి."

"మంచి గంజి ఇట్లు గీయదు. మళ్ళీ వచ్చునాటికి వెయిట్ పెరగనిచో, రెండవ కోర్సుకు పంపుమని నేను వ్రాయజాలను."

 తింటున్న మనిషి తగ్గడమేమిటి? జబ్బు లోపల్లోపల తినేస్తోందా? గంజి చాలడం లేదేమోనని ఎలీశమ్మ ఆ రోజు ఇంకో గిన్నె పోసింది.

మర్నాడు మధ్యాహ్నం సుగుణ నిద్రపోతోంది. గది ఊడుస్తుంటే మంచం కోడు వెంట చీమలు బారు కట్టి పైకి పోతున్నాయి. వాటి వెంట చూపు పోనిచ్చాను. దిండు కిందికి పోతున్నాయి. దిండు మెల్లగా ఎత్తితే, అది బడికి తీసుకెళ్ళే చేతిగుడ్డ మడతపెట్టి ఉంది. విప్పి చూశాను. లోపల మెతుకులు. సగం ఉడికి, నడుమ పలుకు అలాగే ఉన్న గింజలు. కొన్నిటికి ఎర్రగా అంటుకుని ఉంది.

తలెత్తి చూశాను. అది కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"ఏందే ఇది?"

"మింగరాలేదక్క" అంది గుసగుసగా. "ఇసుకోలె గీకుతాన్నయ్. గంజి మింగి గింజలు దవడకు పెట్టుకుంటాన. ఆళ్ళు పోయినంక తీసి దాస్తాన. కొన్ని లోపటికి పోతాన్నయ్."

"మరి చెప్పవద్దా? నోరు లేదా?"

"ఎట్ల చెప్పాలె? పిల్లల నోటికాడి బియ్యం తీసి తెచ్చిండ్రు. నిలవడి ప్రార్థన చేస్తాండ్రు. ఎలీశమ్మ పాణం ఎంత గోసపడతది?"

"నా జావ ఉమ్మేస్తివి కదనే! గిన్నె నూకేస్తివి కదనే నా మీదికి! నాకు పాణం లేదా?"

అది నా ముంజేయి పట్టుకుంది. ఆ చేతిలో ఎముకలు తప్ప ఏమీ లేవు. "నీది సలసల కాలుతదక్క. నొచ్చింది, ఉమ్మిన. నీ కాడ గాకపోతే ఎవల కాడ ఉమ్మాలె?"

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. దాని బాధ చూసి ఏడ్చాను, నిజమే. కానీ ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది. ఎలీశమ్మ దగ్గర అది మర్యాదగా మింగిన చుట్టం! నా దగ్గర ఉమ్మేసిన చెల్లె!

"ఆళ్ళకు చెప్పకక్క. ఎలీశమ్మకు అసలే చెప్పకు. ఒట్టు" అంది. నా చేతిని తన నెత్తి మీద పెట్టుకుంది. ఒట్టేశాను.

లేచి ఆ బియ్యాన్ని చేటలో పోసుకున్నాను. ఒక ఇంటివి సన్నబియ్యం, ఒక ఇంటివి దొడ్డుబియ్యం. పాతవి, కొత్తవి, ఉప్పుడువి, అన్నీ ఒకటే బిందెలో. బియ్యం లేని ఇల్లాలు ఎవరో జొన్నలు వేసింది. మధ్యన వడ్లగింజలు, మట్టిబెడ్డలు. సన్నవి ఉడికి పేస్టయ్యేసరికి ఉప్పుడువి సగం కూడా ఉడకవు. మా వాడలో వంట చేసే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే. ప్రార్థన చేసిన బియ్యమని ఎవరూ చెయ్యి పెట్టలేదు. మామూలు బియ్యమైతే ఏరకుండా కుక్కకు కూడా వండేవాళ్ళం కాదు.

బెడ్డలూ వడ్లూ ఏరి, బియ్యమంతా మంగలంలో దోరగా వేయించాను. ఇసుర్రాయి ముందు కూర్చుని ఇసరడం మొదలుపెట్టాను. అప్పుడే ఎలీశమ్మ వచ్చింది, వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"ఏం చేస్తానవ్ జయమ్మా?"

ఆమె నా పేరు పలకడం అదే మొదటిసారి. పలికింది కూడా కోపంతోనే.

"కండ్లకు కనవడ్తలేదా? ఇసురుతాన."

"ప్రార్థన బియ్యం అది! మార్చొద్దన్న గద. పిండి చేస్తవా?"

"గింజల ఉన్న ప్రార్థన పిండిల ఉండదా? ఇసుర్రాయి కింద నలిగిపోయేటంత పల్చటిదా మీ ప్రార్థన?"

ఒకామె "ఓయమ్మో" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. చేతిగుడ్డ నా నడుముకు చెక్కి ఉంది. తీసి ఎలీశమ్మ ముఖం ముందు పట్టాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఒట్టు గుర్తొచ్చింది. "డాక్టరమ్మ చెప్పింది. పేషంటుకు పిండి జావనే పెట్టాల్నట" అని అబద్ధమాడాను.

 ఎలీశమ్మ నా ఎదురుగా కూర్చుని, "జరుగు" అని ఇసుర్రాయి పిడి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరం ఇసిరాం. చూడండి నా ఖర్మ, ఆమె చెయ్యి పడ్డాక పిండి ఇంకా సన్నగా వచ్చింది! ఆడవాళ్ళు ఆ మాటే అన్నారు కూడా.

పాత మెత్తటి చీరగుడ్డలో జల్లించి, పల్చగా జావ కాచి, ఉప్పు వేయకుండా, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆరబెట్టి, చిటికెడు చక్కెర, కాస్త వెన్న కలిపి నేనే తాగించాను. సుగుణ గుటక వేసింది, గోడవైపు తిరగలేదు. "ఇంకొన్ని" అంది. ఆ తర్వాత కాటా మీద ముల్లు కొంచెం కొంచెంగా ఇటు జరిగింది. దొరసాని డాక్టరు హైదరాబాదుకు రాసిచ్చింది.

రెండో కోర్సు తేలిగ్గా ఏమీ పోలేదు. జ్వరాలు వచ్చాయి. మెడలో గ్లాండ్ మిగిలిందని ఆపరేషన్ చేశారు, కుడిభుజం కొంచెం వాలిపోయింది. పళ్ళు పుచ్చితే చాలా పీకేశారు. కొన్నేళ్ళ పాటు ప్రతి ఫాలో-అప్‌కూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రైలెక్కేవాళ్ళం. చివరికి ఒకసారి డాక్టరు "రికరెన్స్ లేదు, ఇక ఏడాదికోసారి రండి" అన్నాడు.

సుగుణ మళ్ళీ బడికి పోతోంది. లాలాజలం ఇప్పటికీ సరిగా ఊరదు, బల్ల మీద చెంబుతో నీళ్ళు పెట్టుకుని గుక్కగుక్కకూ తాగుతూ పాఠం చెప్తుంది. కారం తగిలితే ఓర్చుకోలేదు. డాక్టరు ఆ మాటన్న ఏడు కోతపండుగ నాడు గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. దేవుడికి వందనాలు చెప్పింది, డాక్టర్లకు చెప్పింది, పిడికెడు బియ్యం తీసిన తల్లులకు చెప్పింది, తల్లి లాంటి ఎలీశమ్మకు చెప్పింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నా పేరు రాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో అడిగేశాను.

"నా పేరు నోట్లెకు రాలేదా?"

"నా చెయ్యి నాకు ముద్ద పెట్టిందని ఎవలన్న సాక్ష్యం చెప్తరా అక్క?"

మాట బాగానే ఉంది. అయినా పేరు చెప్తే ఏం పోయింది?

ఇప్పటికీ మా వాడలో ఎవరిని అడిగినా, సుగుణ టీచరమ్మ ఎలీశమ్మ చేతి గంజితో బతికిందంటారు. ఒట్టు వేశాను కాబట్టి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. కిందటేడు ఎలీశమ్మ పోయింది. సమాధి దగ్గర సుగుణ చిన్నపిల్లలా ఏడుస్తుంటే, నేను పోతే ఇంత ఏడుస్తుందా అని అక్కడ కూడా కుళ్ళుకున్నాను. "ఇగ ఆమె లేదు, ఇంకొకలకు పనికొస్తది, రాయక్క" అని సుగుణే అంది. అందుకే రాస్తున్నాను.

గొంతుకు కరెంటు పెట్టించుకున్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఒక్కటి చేయండి. చుట్టాలు చూస్తుండగా ఎంత తిన్నారో లెక్కలోకి తీసుకోకండి. అందరూ పోయాక తలుపు దగ్గరేసి, "నొస్తోందా, వేడిగా ఉందా, పలుకు తగులుతోందా?" అని అడగండి. మీ మీద ఉమ్మేస్తే కోప్పడకండి. ఎందుకు ఉమ్మారో అడిగి, మళ్ళీ వండండి.

మొన్న ఆదివారం మేకకూర చేశాను. మూలుగ బొక్క ఏరి దాని పళ్ళెంలో వేశాను. ఒకసారి నాకి, "కారమైంది. నాకొద్దు పో" అని ముఖం చిట్లించి నా పళ్ళెంలోకి విసిరేసింది. అదే ఎలీశమ్మ బతికుండి పెడితే, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా నవ్వుతూ తినేది. నేను ఆ బొక్క తీసుకుని కడుపు నిండా చీకాను.